పదకొండు పుంజుల వ్యాఖ్యాత

నికనోరా తెర్రాసాస్ గొంతు గురించి కోచబాంబా నగరానికి దక్షిణపు దిబ్బల మీద ఒక మాట ప్రచారంలో ఉండేది. ఆవిడ గుమ్మంలో నిలబడి మొగుణ్ణి భోజనానికి పిలిస్తే, కింది పేటలో మగవాళ్లు కూడా లేచి చేతులు కడుక్కునేవారట.

వారమంతా ఆవిడ సంతలో వేరుశనగ సూప్ అమ్మేది. ఆదివారాలు మట్టి మైదానంలో పేటల మధ్య జరిగే ఫుట్‌బాల్ పోటీలకు మైకులో వ్యాఖ్యానం చెప్పేది. ఆ మైకు మొదట మొగుడు ఫోర్తునాతోది. ఒక ఆదివారం, ముందురోజు తాగిన చీచా కల్లు మత్తు దిగక, అతను ఆట మధ్యలో మైకు మీదికి ఒరిగి గురక పెట్టాడు. ఆ గురక నాలుగు లౌడ్‌స్పీకర్లలోనూ మోగింది. నికనోరా వెళ్లి మొగుణ్ణి పక్కకు జరిపి, మైకు అందుకుని, బంతి ఎవరి కాళ్ల దగ్గరుందో చెప్పడం మొదలుపెట్టింది.

"ఆడదానికి ఆటేం తెలుసు, దిగవమ్మా దిగు!" అని ఒకడు అరిచాడు. ఇంకొకడు నారింజ తొక్క విసిరాడు.

ఆవిడ ఆగలేదు. "ఎడమపక్క నుంచి తొక్క వచ్చింది, ఆమడ దూరంలో పడింది! విసిరినవాడు క్రిసోస్తోమో. పోయినవారం ఖాళీ గోలు ముందు నిలబడి బంతిని ఆకాశంలోకి తన్నింది కూడా ఇతగాడే. గురి ఏమాత్రం మారలేదు, మహాజనులారా!"

మైదానమంతా గొల్లుమంది. ఆ తర్వాత ఎవరూ తొక్కలు విసరలేదు. ఫోర్తునాతో పోయాక కూడా మైకు ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. 'పదకొండు పుంజులు' అనే పేట జట్టు గెలిచినా ఓడినా, ఆ సంగతి ఆవిడ నోటి నుంచే ఊరికి తెలిసేది.

ఆవిడకు ఒక్కతే కూతురు, రూఫీనా. రూఫీనా కూతురు నోయెమీకి ఆరేళ్లు. అక్కడ చలికాలమైన జూన్ నెలలో ఒక పొద్దున, ఆ పిల్ల పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ కెటిల్ లాగేసింది. మరుగుతున్న టీ నడుము నుంచి మోకాలిదాకా పోయింది. పిల్లను దుప్పటిలో చుట్టుకుని, ట్రక్కులో కూరగాయల బస్తాల మీద కూర్చుని, నికనోరా, రూఫీనా ఇద్దరూ ఊరి మధ్యనున్న పిల్లల ఆసుపత్రికి చేరారు.

కాలినప్పటి నొప్పి ఒక ఎత్తు, రోజూ కట్టు మార్చే నొప్పి ఒక ఎత్తు. కాలిన పిల్లల వార్డు చివర ఒక గది ఉంది. అక్కడ నీళ్లతో తడిపి, పుండుకు అంటుకున్న గాజుగుడ్డను కొద్దికొద్దిగా ఊడదీస్తారు. ముందు నొప్పికి మందు వేస్తారు గానీ, ఆ గది తలుపు చూడగానే పిల్లలకు పై ప్రాణాలు పైనే పోయేవి. తల్లులను లోపలికి రానివ్వరు. వాళ్లు బయట బెంచీ మీద వరసగా కూర్చుని, శాలువాలు చెవుల మీదికి లాక్కుని, ఎవరి పిల్ల అరుపు వాళ్లు గుర్తుపట్టి ఏడ్చేవారు.

మొదటిరోజు నోయెమీ అరుపు వినగానే రూఫీనా గోడకు తల కొట్టుకుంది. నికనోరా బెంచీ మీద కూర్చోలేకపోయింది. తలుపు తడితే తీయలేదు. నెడితే గడియ పెట్టి ఉంది. పిల్ల "అమ్మమ్మా! అమ్మమ్మా!" అని గొంతు చించుకుంటోంది. జవాబు చెప్పకుండా ఎలా ఉంటుంది? ఏం చెప్పాలో తోచక, తనకు వచ్చిన ఒక్క విద్యనే బయటికి తీసింది.

"మహాజనులారా! మైదానం కిక్కిరిసిపోయింది! పదకొండు పుంజుల జట్టు దిగుతోంది! ముందు వరసలో ఎవరు? ఏడో నంబరు చొక్కా, నోయెమీ! బంతి ఆమె కాళ్ల దగ్గరే ఉంది! ఎదురుగా ఇద్దరు... గున్నేనుగుల్లాంటి వాళ్లు! బంతి కుడిపక్కకా, ఎడమపక్కకా? ఎటు కొడుతుంది? ఏడో నంబరూ, చెప్పు!"

లోపల అరుపు సగంలో ఆగింది. వెక్కుల మధ్య నుంచి సన్నగా వినిపించింది: "ఎడమ!"

"ఎడమపక్కకి కొట్టింది! ఒక ఏనుగు బోర్లా పడింది!"

బెంచీ మీది తల్లులు శాలువాలు దించి చూశారు. అంతలో తలుపు భళ్లున తెరుచుకుంది. హెడ్‌నర్సు ఒఫేలియా కమార్గో, చేతులకు తడి గ్లవుజులతో, గుమ్మంలో నిలబడింది. నర్సులను అక్కడ అందరూ 'లిసెన్' అని పిలుస్తారు. ఈమెను మాత్రం ఆ పిలుపుతో పిలవాలన్నా కాస్త ధైర్యం కావాలి.

"ఇది ఆసుపత్రి, సంత కాదు," అంది ఒఫేలియా.

"సంతలో మేకపిల్లను కోసేటప్పుడు కూడా ఇలా అరిపించరు, లిసెన్."

"గార్డు! ఈవిణ్ణి బయటికి పంపు."

గార్డు పంపాడు. మర్నాడు అదే వేళకు, ఆ గది కిటికీ కింద పెరట్లో, బోర్లించిన అరటిపళ్ల పెట్టె ఎక్కి నికనోరా మళ్లీ మొదలుపెట్టింది. గార్డు వచ్చి పెట్టె లాక్కున్నాడు. ఆవిడ కింద నిలబడే చెప్పింది. గొంతుకు ఎత్తుపీటలతో పనేముంది? ఆ తర్వాతి రోజు, వార్డు డాక్టరు ఇరియార్తే కిటికీలోంచి తల బయటపెట్టాడు. కుర్రవాడు, నవ్వు ముఖం. పెద్దావిడలను అక్కడ గౌరవంగా 'దోన్యా' అంటారు.

"దోన్యా నికా అంటే మీరేనా? లోపలికి రండి. మీరు కిటికీ కింద ఉన్నంతసేపూ పిల్ల మెడ అటే తిప్పుతోంది, నాకు కట్టు సరిగా కుదరట్లేదు."

మోచేతులదాకా కడిగించి, మీద గౌను వేయించి, ముక్కుకు గుడ్డ కట్టించి, ఒఫేలియా గోడ పక్కన చోటు చూపించింది. "దేన్నీ ముట్టుకోకు. పిల్లకు అబద్ధాలు చెప్పకు."

"ఏం అబద్ధం?"

"నొప్పి ఉండదని చెప్పకు. ఉంటుంది. రేపు నిన్ను నమ్మదు."

ఆ మాట నికనోరాకు రుచించలేదు గానీ, తలకెక్కింది. అందుకే కాసేపట్లో నోయెమీ "అమ్మమ్మా, నొప్పి! నొప్పెడుతోంది!" అని కేక పెట్టినప్పుడు, "లేదమ్మా లేదు" అనలేదు.

"నొప్పే! ఏనుగు కాలు అడ్డం పెట్టింది, ఏడో నంబరు కింద పడింది! రెఫరీ చూశాడు, ఈల వేశాడు! ఫ్రీకిక్ మనదే! ఏడో నంబరు లేచింది, బంతి మీద దుమ్ము ఊదుతోంది. ఊదమ్మా, గట్టిగా... ఇంకోసారి... దుమ్మంతా పోవాలి. ఇప్పుడు చెప్పు, గోలీ తల మీదుగా కొడదామా, కాళ్ల మధ్య నుంచా?"

"కాళ్ల మధ్య నుంచి," అంది పిల్ల, ఊదుతూ. అనేసి, కళ్లలో నీళ్లతోనే కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుకీ ఇంకో నవ్వుకీ మధ్య తొడమీది గాజుగుడ్డ ఊడి వచ్చింది.

నోయెమీ నెలన్నర తర్వాత ఇంటికి వెళ్లిపోయింది. నికనోరా మాత్రం వెళ్లలేకపోయింది. పక్క మంచాల పిల్లలు "రేపు మా మ్యాచ్ ఎవరు చెబుతారు?" అని పావడా కుచ్చులు పట్టుకుంటే ఎలా వెళ్తుంది? సూప్ బండి పొద్దుటిపూట కూతురికి అప్పగించి, రోజూ వార్డుకు వచ్చేది. అక్కడివాళ్లు నమిలే కోకా ఆకు బుగ్గన పెట్టుకుని బస్సు దిగేది, గేటు దగ్గర ఉమ్మేసి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లేది. ఫుట్‌బాల్ నచ్చని పిల్లకు సైకిల్ పందెం చెప్పేది. ఏదైనా సరే, నడిపించేది పిల్లే. ఎటు తిరగాలో, ఎవరిని దాటాలో పిల్లే చెప్పాలి. చెప్పకపోతే ఆట కదలదు. ఒఫేలియా ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. కానీ ఆవిడ రావడం ఆలస్యమైతే, గడియారం వైపు చూసి, గాజుగుడ్డ ఇంకాసేపు నీళ్లలో నాననిచ్చేది.

"ఈవిడ వచ్చాక వార్డు నిశ్శబ్దమైపోయింది," అని డాక్టరు ఇరియార్తే అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాట మేడ మీది డైరెక్టరు గదిదాకా వెళ్లింది. నికనోరా కూడా లోలోపల మురిసిపోయింది. తన గొంతుకు పిల్లల నొప్పి హడలిపోతోందని నమ్మింది.

మరుసటి ఏడాది, వీధి వీధినా మంటలు వేసే సెయింట్ జాన్ పండుగ అయ్యాక వార్డు నిండిపోయింది. అందులో రింబెర్ అని తొమ్మిదేళ్ల పిల్లాడు. మంట మీదుగా దూకబోయి పడ్డాడు, రెండు కాళ్లూ కాలాయి. వాడికి గోల్‌కీపర్‌గా ఉండటం ఇష్టం. నికనోరా వాడి గోలు మీదికి బంతులు కురిపించేది, వాడు కుడి అనో ఎడమ అనో అనేవాడు, ఆవిడ పట్టించేది. వాడి నోటి నుంచి ఒక్క మూలుగు కూడా వచ్చేది కాదు. "చూశారా లిసెన్, మగాడు!" అని ఆవిడ రెండు రోజులు మెచ్చుకుంది కూడా.

మూడోరోజు వాడు కుడి అనలేదు, ఎడమా అనలేదు. నికనోరా రెండుసార్లు అడిగింది. దగ్గరికి వంగి చూస్తే, దుప్పటి కొస నోట్లో కుక్కుకుని ఉన్నాడు. మెల్లగా లాగింది. గుడ్డ మీద రక్తం. కింది పెదవి తెగి ఉంది.

"ఏంట్రా నాన్నా ఇది?"

"నేను అరిస్తే నువ్వు ఆట ఆపేస్తావని," అన్నాడు వాడు.

నికనోరా ఆ రక్తపు గుడ్డ చేత పట్టుకుంది. ఒఫేలియా వైపు తిరిగింది.

"వీడికి మందు వెయ్యలేదా?"

"లేదు."

"ఎందుకు?"

"స్టోరులో అయిపోయింది. రెండు వారాలైంది. ఎవరికీ వెయ్యట్లేదు." ఒఫేలియా గాజుగుడ్డ మీంచి తల ఎత్తలేదు. "మూడుసార్లు అడిగాను. పిల్లలు అరవట్లేదుగా, అంత తొందరేం లేదని పైనుంచి జవాబొచ్చింది."

ఎదురు మంచం దగ్గరున్న డాక్టరు ఇరియార్తే ముఖం ఎర్రబడింది. "మందు వచ్చేస్తుంది దోన్యా నికా. నేనూ అడిగాను. ఈలోగా మీరున్నారు కదా, దేవుడిలా..."

"నేను మందునా?" అంది నికనోరా. "డాక్టరుగారూ, నేను సూప్ అమ్ముకునేదాన్ని. నా నోట్లోంచి ఊడిపడేది గాలి. మీరు పిల్లలకి గాలి పోసి పుండు గీకుతున్నారా?"

వరండాలోకి వచ్చి బెంచీ మీద కూలబడింది. ఒఫేలియా చేతులు తుడుచుకుంటూ వెనకే వచ్చి, మొదటిసారిగా ఆవిడ పక్కన కూర్చుంది.

"మొదటిరోజు నిన్ను ఎందుకు గెంటించాననుకున్నావు? సద్దు పడకా? ఈ గోడల మధ్య ఇరవై ఏళ్లుగా ఉన్నాను. ఇక్కడికి ఏదైనా ఊరికే వస్తే, కొనాల్సింది రావడం మానేస్తుంది. అది నాకు తెలుసు."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా!"

"నువ్వు వినే మనిషివా?"

నిజమే. నికనోరా వినే మనిషి కాదు. మర్నాడు వచ్చి, గౌను వేసుకోకుండా బెంచీ మీదే కూర్చుంది. మందు వచ్చేదాకా వ్యాఖ్యానం లేదంది. లోపల అరుపులు మొదలయ్యాయి. తల్లులు శాలువాలు చెవుల మీదికి లాక్కున్నారు. రింబెర్ తల్లి ఎవుసేబియా మాత్రం లాక్కోలేదు. పొలం పనులు చేసే మనిషి, పెద్ద చేతులు. నికనోరా ముందుకు వచ్చి నిలబడింది.

"ఎవరి మీదమ్మా నీ పంతం? డైరెక్టరు చెవిలో పడుతోందా ఈ అరుపు? నా చెవిలో పడుతోంది. నీ రోషానికి నా కొడుకు చర్మం పణంగా పెట్టాలా?"

"నేను లోపలికెళ్తే వాళ్లు మందు తేరు, ఎవుసేబియా."

"వెళ్లకపోయినా తేరు. నీకంత నోరుంది, అది లోపల వాడు, బయటా వాడు. ఒక్కచోటే వాడమని ఎవరన్నారు?"

నికనోరా లేచి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. ఆ పూట రింబెర్ పక్కన నిలబడి, ముందుగా ఒకటే చెప్పింది: "నాయనా, అరిస్తే ఆట ఆగదు. ఎంత అరిస్తే స్టేడియం అంత నిండినట్టు. గట్టిగా అరువు." వాడు అరిచాడు. గొంతు పగిలేలా అరిచాడు. ఆవిడ ఆ అరుపు మీదుగా బంతిని ఆపకుండా నడిపించింది.

మధ్యాహ్నానికి మట్టి మైదానం నుంచి లౌడ్‌స్పీకర్లు, బ్యాటరీ, మైకు ఒక తోపుడుబండి మీద వచ్చి ఆసుపత్రి గేటు ముందు ఆగాయి. తోసుకొచ్చింది క్రిసోస్తోమో, నారింజ తొక్క విసిరినవాడే. నికనోరా బండి పక్కన నిలబడి, కోకా ఆకు బుగ్గ మార్చి, మైకులో ఊదింది.

"మహాజనులారా! ఈరోజు మ్యాచ్ మందు సీసా గురించి! బంతి వార్డులో బయలుదేరింది, లిసెన్ ఒఫేలియా ముందుకు తన్నింది, చక్కటి పాసు! స్టోరు గుమాస్తా అందుకున్నాడు... అందుకున్నాడు... ఏం చేస్తున్నాడు? కాలి కింద పెట్టుకుని నిలబడ్డాడు! టీ తాగుతున్నాడు! అదిగో, మేడ మీదికి తన్నాడు! మేడ మీద డైరెక్టరు... మహాజనులారా, డైరెక్టరు మైదానంలోనే లేడు! ఖాళీ గోలు! బంతి మెట్ల మీద పడి ఉంది! అటుపక్క కాలిన కాళ్లతో పిల్లలు ఎదురుచూస్తున్నారు!"

బస్సుల్లో వెళ్లేవాళ్లు తలలు బయటపెట్టి చూశారు. కూర నింపిన ఎంపనాదా రొట్టెలు అమ్మే ఆడవాళ్లు బుట్టలు గేటు దగ్గరికే తెచ్చి పెట్టుకున్నారు. పదకొండు పుంజుల జట్టు చొక్కాలు వేసుకుని వచ్చి గోడ వెంట నిలబడింది. రెండోరోజు డైరెక్టరు పోలీసులను పిలిపించాడు. వచ్చిన సార్జెంటు ఎలియోదోరో ఆదివారాల్లో అవతలి పేట జట్టుకు గోల్‌కీపర్.

"దోన్యా నికా, దయచేసి ఆపండి. నాకు ఆర్డరు ఉంది."

"ఎలియోదోరో నాన్నా, మైకు ఆన్‌లోనే ఉంది. పోయిన ఆదివారం నీ కాళ్ల మధ్య నుంచి మూడు గోల్స్ ఎలా పోయాయో ఇప్పుడు చెప్పమంటావా, నువ్వెళ్లాక చెప్పమంటావా?"

జనం ఈలలు వేశారు. సార్జెంటు టోపీ తీసి తల గోక్కున్నాడు. "చప్పుడు కొద్దిగా తగ్గించమని చెప్పాను, ఆమె తగ్గించింది, అని రాసుకుంటాను," అని వెళ్లిపోయాడు. ఆవిడ తగ్గించలేదు.

అలా రోజులు నడిచాయి. పొద్దున లోపల, మధ్యాహ్నం నుంచి గేటు దగ్గర. గొంతు బొంగురుపోయింది. తల్లులు వంతులవారీగా మైకు అందుకున్నారు. ఎవుసేబియాకు స్పానిష్ తడబడుతుంది, అందుకని తన సొంత భాష కెచువాలో మాట్లాడింది. ఆట భాష ఆవిడకు రాదు. కొడుకు దుప్పటి ఎందుకు కొరుక్కున్నాడో చెప్పింది, అంతే. ఆ మధ్యాహ్నం గేటు ముందు ఒక్కరూ నవ్వలేదు. స్థానిక రేడియోవాళ్లు ఆ మాటలు రికార్డు చేసుకుని సాయంత్రం వార్తల్లో వేశారు.

మర్నాడు డైరెక్టరు గదికి పిలుపొచ్చింది. నికనోరా, ఎవుసేబియా, ఒఫేలియా, డాక్టరు ఇరియార్తే నిలబడ్డారు. డైరెక్టరు ఒఫేలియాను చూసి, "నువ్వు ఉద్యోగివి, ఈ గుంపులో ఏం చేస్తున్నావు?" అని అడిగాడు.

"నేను పాసు ఇచ్చినదాన్ని," అంది ఒఫేలియా. "మైకులో వినలేదా సార్?"

డాక్టరు ఇరియార్తే ఒక అడుగు ముందుకు వేసి అన్నాడు: "సార్, వార్డు నిశ్శబ్దంగా ఉందని మీకు చెప్పింది నేనే. తప్పు చెప్పాను. మందు లేకుండా రేపటి నుంచి నేను కట్టు విప్పను. మీరే వచ్చి విప్పండి."

రెండు రోజుల్లో మందు వచ్చింది. పక్క జిల్లా ఆసుపత్రిలో పెట్టెలు పెట్టెలుగా ఉందట. తెప్పించే తీరికే ఎవరికీ లేకపోయింది. తల్లులను లోపలికి రానివ్వాలన్న మాట కూడా ఆ గదిలోనే గెలిచారు. నికనోరా అడిగింది కాదు, ఎవుసేబియా అడిగింది. డైరెక్టరు అడ్డం చెప్పబోతే, "మా కాళ్లు మాకు బరువా? మేమే నడిచి వస్తాం, మీరు ఎత్తుకోనక్కర్లేదు," అంది.

ఊరికే రాలేదు ఆ గెలుపు. నెల తిరక్కుండా ఒఫేలియాను కొండల్లో ఒక చిన్న ఆరోగ్య కేంద్రానికి మార్చేశారు. బస్సు ఎక్కేటప్పుడు నికనోరా ఒక గిన్నెడు సూప్ మూట కట్టి ఇచ్చి, ఏడ్చింది. ఒఫేలియా ఏడవలేదు. "మందు వేశాక ఇరవై నిమిషాలు ఆగు. తొందరపెడితే ఎవరి మాటా వినకు," అంది.

"నేను వినే మనిషినా, లిసెన్?"

ఒఫేలియా నవ్వింది. ఆమె పళ్లు ఎలా ఉంటాయో నికనోరా అప్పుడే చూసింది.

రింబెర్ కాళ్ల మీద మచ్చలు ఉండిపోయాయి, నడక మాత్రం వచ్చింది. నోయెమీకి ఫుట్‌బాల్ అంటే పడదు. రేడియోలో మ్యాచ్ వస్తే లేచి వెళ్లిపోతుంది. అందుకు నికనోరా నొచ్చుకోదు. డైరెక్టర్లు ముగ్గురు మారారు. అందులో ఒకరు ఆవిడకు శాలువా కప్పి, వార్డులో నిలబెట్టి ఫొటో తీయిద్దామనుకున్నారు. ముందు స్టోరు తలుపు తీసి చూపిస్తే ఫొటో దిగుతానంది. ఆ ఫొటో తీయలేదు.

ఇప్పుడు ఆవిడకు డెబ్బై దాటాయి. గొంతులో గరగర చేరింది, ఊరవతలికి వినపడదు, గది మేరకు సరిపోతుంది. మొన్న ఒక పొద్దున కొత్తగా చేరిన అయిదేళ్ల పిల్ల, మార్లెనీ, తల్లి ఒళ్లో ముడుచుకుని కూర్చుంది. నికనోరా గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. పళ్లెం పట్టుకుని కొత్త నర్సు వచ్చింది.

"మొదలుపెడదామా, దోన్యా నికా?"

"మందు పడిందా?"

"పడింది."

"ఎంతసేపైంది?"

"పది నిమిషాలు. అవతల ఇంకా నలుగురున్నారు, డాక్టరుగారు త్వరగా కానివ్వమన్నారు."

"డాక్టరుగారికి తొందరైతే కూర్చుని ఆయన గోళ్లు కత్తిరించుకోమను. ఇంకో పది నిమిషాలు."

నర్సు పళ్లెం బల్ల మీద పెట్టి కూర్చుంది. గదిలో అందరూ గడియారం చూస్తూ ఆగారు. సమయం అయ్యాక నికనోరా వంగి, పిల్ల ముఖంలో ముఖం పెట్టి అడిగింది.

"ఫుట్‌బాల్ చెప్పనా?"

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"సైకిళ్లు?"

"గాడిదల పెళ్లి," అంది మార్లెనీ.

డెబ్బై ఏళ్ల జీవితంలో గాడిదల పెళ్లికి వ్యాఖ్యానం చెప్పమని ఎవరూ ఆవిణ్ణి అడగలేదు. గొంతు సవరించుకుని, నిటారుగా నిలబడింది.

"మహాజనులారా! చర్చి ముందు జనం కిక్కిరిసిపోయారు! పెళ్లికొడుకు వస్తున్నాడు, చెవులకు రిబ్బన్లు కట్టారు! అయ్యో, ఆగిపోయాడు! వెనక్కి తిరుగుతున్నాడు! మార్లెనీ, తొందరగా చెప్పు, వీణ్ణి లోపలికి ఎలా తీసుకెళ్దాం? తోకపట్టి లాగుదామా, క్యారెట్ చూపిద్దామా?"